రెండో రంపం ఎవరి కోసం?

ఊరికి ఒక రంపం మిషను చాలదు, ఇంకొకటి కొనాలి అనే మాట ఈ మధ్య పశ్చిమ ఏజెన్సీ గూడేల్లో గట్టిగా వినబడుతోంది. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల్లో ఏ కుర్రాళ్ల గుంపు దగ్గర కూర్చున్నా ఇదే చర్చ. కొన్నిచోట్ల గట్టుకొకటి కొనాలి అనే దాకా వెళ్లింది. ఈ మాటకు మేము ఎదురు నిలబడుతున్నాం.

మేము మిషనుకి వ్యతిరేకులం కాదని ముందే చెప్పుకోవాలి. ఆదివాసీ అంటే గొడ్డలి భుజాన వేసుకుని ఫొటోకి నిలబడేవాడనీ, వాడి చేతికి మిషను వస్తే అడవి అంతరించిపోతుందనీ పట్నంలో కూర్చుని దిగులు పడేవాళ్లు కొందరున్నారు. వాళ్ల ఇంటి తలుపులు, మంచాలు ఏ అడవి టేకో మాత్రం వాళ్లు అడగరు. వాళ్ల తరఫున మేము మాట్లాడటం లేదు. గాలివానకి దారికి అడ్డంగా పడిన మద్దిమానుని ఇద్దరు మనుషులు గొడ్డళ్లతో రోజంతా కొట్టాలి. మిషను గంటలో తుంచి పెడుతుంది. నడుములు మిగులుతాయి. ఊరికి ఒక మిషను ఉండాలి. మా పేచీ అంతా రెండోదానితోనే.

మన పొయ్యిలో ఏం కాలుతోందో ఒకసారి చూడండి. మూడు రాళ్ల పొయ్యిలోకి పోయేది మణికట్టు లావు పుల్ల. ఎండి రాలిన కొమ్మలు, జీడిమామిడి తోటలో కొట్టేసిన రొట్ట, చెట్ల కింద ఏరిన చిదుగులు. ఇవి ఆడవాళ్లు కత్తితో కొట్టి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని తెస్తారు. ఇందులో ఒక్క పుల్లకి కూడా మిషను అక్కర్లేదు. మిషను అక్కర పడేది లావు దుంగలకే: పడిపోయిన మాను, వరదకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగ, కాపు ఉడిగిన ముసలి జీడిమామిడి, వానాకాలానికి ముందు నిలవ చేసుకునే కట్టె. నలభై ఇళ్ల గూడెంలో ఈ పనంతా కలిపినా ఏడాదికి ఇరవై రోజులు దాటదని మా అంచనా. పెళ్లిళ్లు, దినాలు, పండగలు కలుపుకోండి, ఇంకో పది రోజులు. అంటే ఉన్న ఒక్క మిషనే 365 రోజుల్లో 335 రోజులు గోడకి చేరబడి పడుకుంటోంది. దానికి తోడు ఇంకొకటి తెచ్చి పడుకోబెట్టడం ఎందుకు?

పొయ్యి అవసరమైనా పెరుగుతోందా అంటే అదీ లేదు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. బండి ఎక్కని గూడెంలో నిండు సిలిండర్ని భుజాన మోసుకెళ్లేవాడికి ఆ ఉచితం ఎంత బరువో తెలుసు, అది వేరే వ్యాసం. ఏదేమైనా టీ, కూర గ్యాసు మీదికి వెళ్లాయి. నీళ్లు కాచుకోవడం, జావ కాయడం కట్టెల మీద మిగిలాయి.

రెండో మిషను కావాలనేవాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి బలమైనదే. కోస్తుండగా బ్లేడు దుంగలో ఇరుక్కుపోతే, దాన్ని బయటికి తీయడానికి ఇంకో మిషను ఉండాలంటారు. నిజమే, ఇరుక్కుంటుంది. ఎందుకు ఇరుక్కుంటుంది? రెండు చివరలా ఆని, మధ్యలో గాలిలో ఉన్న దుంగ పైభాగం నొక్కుకుని ఉంటుంది, అడుగుభాగం సాగి ఉంటుంది. పైనుంచి ఒకే పోటున కోసుకుంటూ పోతే కోత మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది. పైనుంచి మూడో వంతు కోసి ఆపి, మిగతాది కిందనుంచి కోయాలి. ఒక చివరే ఆని, రెండోది వేలాడుతుంటే దీనికి తిరగేసి చేయాలి. కోతలో ఒక చెక్క చీల కొట్టి పెట్టుకుంటే ఇంకా నిశ్చింత. ఆ చీల మన కత్తితో మనమే చెక్కుకుంటాం, పైసా ఖర్చు లేదు.

రెండో కారణం రిపేరు. మిషను పాడైతే జంగారెడ్డిగూడెం తీసుకెళ్లాలి, వారం పోతుంది అంటారు. ఆ షాపుకి వెళ్లే మిషన్లలో సగానికి సగం పాడైనవి కావు, చైను పదును పోయినవి. పదునున్న చైను పెళుసులు పెళుసులుగా చెక్కుతుంది, మొద్దుబారిన చైను పిండిలాంటి పొట్టు రాలుస్తుంది. పిండి రాలుతుంటే ఆపి, గుండ్రటి ఆకురాయితో ఒక్కో పంటికి మూడు నాలుగు సార్లు ఒకే వైపు రాయాలి. గాలి ఫిల్టరు దులపాలి, ప్లగ్గు తుడవాలి. ఇక ఆయిలు. ఇది రెండు స్ట్రోకుల ఇంజను, పెట్రోల్లో ఆయిలు కలపకుండా పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఎంత కలపాలో మిషనుతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉంటే 20. నిష్పత్తి లెక్క చదివిన పిల్లాడు చేయగల పని ఇది. తెలుగులో ఆ పుస్తకం లేకపోవడం కంపెనీల తప్పు. ఇంగ్లీషు చదవగల టీచర్లం ఊళ్లో ఉండి కూడా దాన్ని చదివి చెప్పకపోతే మాత్రం అది కంపెనీల తప్పు కాదు.

ఒక స్పేరు చైను, ఒక ఆకురాయి, ఒక ప్లగ్గు ఇంట్లో పెట్టుకుంటే రిపేరు కారణం చాలా వరకు తీరిపోతుంది. ఇద్దరు ఒకేసారి కోస్తే పని త్వరగా అవుతుంది అనేది మూడో కారణం. అవుతుంది. ఏడాదికి ముప్పై రోజుల పనికి అంత తొందర ఎవరికి?

తొందర ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం చుట్టూ వర్జీనియా పొగాకు పండిస్తారు. ఆ ఆకుని బ్యారన్లలో రోజుల తరబడి పొగగొట్టాల వేడితో ఆరబెడతారు. ఆ వేడికి కట్టె కావాలి, ఇంటి పొయ్యికి కావలసినంత కాదు, లారీల కొద్దీ. సంక్రాంతి దాటాక బ్యారన్లు రాజుకుంటాయి. సరిగ్గా అంతకు ముందే గూడెంలోకి ఒక మోటారు సైకిలు వస్తుంది. "తమ్ముడూ, మిషను నేను కొనిస్తాను. డబ్బు ఇప్పుడివ్వక్కర్లేదు, కట్టె వేసి తీర్చు" అంటాడు వచ్చినవాడు. చవక రకం మిషను పదివేల లోపే దొరుకుతుంది, పేరున్న కంపెనీది అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది. ఏది ఇచ్చినా ఆ అప్పు తీరేసరికి చైను మారిందనో, ఆయిలు అయిందనో ఇంకో అప్పు తయారుగా ఉంటుంది. ఉప్పు, బట్ట అడ్వాన్సుగా ఇచ్చి చింతపండు, ఇప్పపువ్వు పట్టుకుపోయిన షావుకారు లెక్క మన తాతలకి తెలుసు. అందుకేగా 1956లో జీసీసీ పెట్టవలసి వచ్చింది. పుస్తకం మారింది, లెక్క అదే.

ఊరి డబ్బుతో కొన్న మిషను పని లేకపోతే పడుకుంటుంది. అప్పు మీద వచ్చిన మిషనుకి పడుకునే వీల్లేదు, దానికి రోజూ దుంగ వేయాలి. ఎండుమాను ఎన్నాళ్లు వస్తుంది? ఆ తర్వాత పచ్చిమాను. తపసి బంక ఇచ్చే చెట్టు, తునికి, ఇప్ప వరసగా వస్తాయి. కొత్త మామిడికాయ తినడానికి కూడా పండగ చేసేదాకా ఆగే జాతి మనది. ఎవరి ఆకో ఆరడానికి మన ఇప్పచెట్టు పడిపోవాలా?

చట్టం సంగతి కూడా కుర్రాళ్లు తెలుసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి యాజమాన్య హక్కు ఇచ్చింది. వాటిని ఏరుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. వెదురు, చిదుగులు, మొద్దులు ఆ జాబితాలో ఉన్నాయి. కలప లేదు. నిలబడి ఉన్న మానుని కోసి బండికెత్తితే 1967 అటవీ చట్టం కింద కేసు అవుతుంది, మిషనూ బండీ జప్తు అవుతాయి. పట్టా భూమిలో చెట్టయినా కొన్ని జాతులు తప్ప 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. కేసు రాసేటప్పుడు మిషను చేతిలో ఉన్నవాడి పేరే రాస్తారు. మోటారు సైకిలు మీద వచ్చినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఇంటర్ చదివి, పోలీసు ఉద్యోగానికో గార్డు ఉద్యోగానికో దరఖాస్తు పెట్టుకున్న పిల్లాడి మీద అలాంటి కేసు ఒక్కటి చాలు. గొడ్డలి చప్పుడు పక్క గట్టుకి వినపడదు, మిషను చప్పుడు రెండు కొండల అవతల బీటు గార్డుకి వినపడుతుంది.

చప్పుడంటే గుర్తొచ్చింది. ఈ మిషను మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకి ఏమీ లేకుండా, లుంగీ ఎగగట్టి, హవాయి చెప్పులతో మన పిల్లలు దీన్ని పడుతున్నారు. బ్లేడు కొన దుంగకి తగిలితే మిషను ఒక్కసారిగా వెనక్కి, మొహం మీదికి ఎగురుతుంది. తొడ తెగితే రక్తం ఆగేలోపు 108 బండి మన గూడేనికి చేరుతుందా? రెండో మిషనుకి పోగేసిన డబ్బుంటే దానితో మొదటి మిషను పట్టేవాడికి బూట్లు, తలకి టోపీ, కళ్లకి అద్దాలు, చెవులకి మూతలు, తొడలకి కవచం కొనండి. డబ్బు మిగిలితే స్పేరు చైను కొనండి.

ఇంకో మాట. కట్టె తెచ్చేది ఆడవాళ్లు, పొయ్యి ఊదేది ఆడవాళ్లు, మిషను గురించి తేల్చేది మాత్రం రచ్చబండ మీద మగవాళ్లు. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభకి సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ విషయం ఆ సభలోనే తేలాలి. మీకు రెండో మిషను కావాలా, పొగరాని పొయ్యి కావాలా అని అక్కడ వాళ్లని అడగండి.

అడవిని కాపాడుకునే అధికారం కూడా అదే చట్టం గ్రామసభకి ఇచ్చింది. కాబట్టి వచ్చే సభలో టీచర్లు, చదువుకున్న పిల్లలు కలిసి ఈ తీర్మానం పెట్టించాలి. మిషను గ్రామసభది. నేర్చుకున్న ఇద్దరే పట్టాలి. ఎవరు తీసుకెళ్లారు, ఏ రోజు, ఏ మాను, పడినదా నిలబడినదా, ఎంత పెట్రోలు, అన్నీ ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం బళ్లో ఉండాలి. నిలబడిన మానుకి సభ ఒప్పుకోలు లేనిదే మిషను బయటికి రాకూడదు. ఇప్ప, తపసి, తునికి, జీలుగు జోలికి అసలు వెళ్లకూడదు. ఏడాది తిరిగాక కూడా ఎవరైనా రెండో మిషను మాట ఎత్తితే ఆ పుస్తకం సభలో చదివి, మిషను ఎన్ని రోజులు పనిచేసిందో, ఎన్నిసార్లు ఒకరికి కావలసి వచ్చి దొరకలేదో లెక్క పెట్టించండి.