రంగు తీయమంటే అక్షరాలు తీసేస్తారా?

రంగుల పీడీఎఫ్‌ని గ్రేస్కేల్‌లోకి మార్చడం ఒక్క కమాండు పని, ఉచిత సాధనాల్లో ఏది వాడినా ఒకటే అనే నమ్మకం లైనక్స్ వాడేవాళ్లలో బాగా పాతుకుపోయింది. రంగు పత్రానికి పైపూత మాత్రమే, గీకేస్తే కింద ఉన్నది చెక్కుచెదరదు అనే ఊహ మీద అది నిలబడింది. ఆ ఊహే తప్పు. చాలామంది చెయ్యి ముందుగా పోయేది ఇమేజ్‌మ్యాజిక్ మీదికి. ఫొటోల పనికి అది గొప్ప సాధనమే. కానీ పీడీఎఫ్ అందించగానే ప్రతి పేజీనీ బొమ్మగా మార్చేస్తుంది. ఎంత స్పష్టత కావాలో చెప్పకపోతే అంగుళానికి 72 చుక్కలే పెడుతుంది. ఆ లెక్కన 10 పాయింట్ల అక్షరానికి నిలువునా దక్కేవి 10 పిక్సెళ్లు. అందులోనే పైన తలకట్టో గుడో, కింద వత్తూ ఇమడాలి. ఇంగ్లిషు అక్షరం ఎలాగో గట్టెక్కుతుంది గానీ తెలుగు వత్తు మసకబారిపోతుంది.

300 చుక్కలు అడిగితే సరిపోతుంది కదా అంటారు. మసక పోతుంది, నిజమే. అక్షరం మాత్రం తిరిగి రాదు. ఆ పేజీలో ఇక పాఠం లేదు, పాఠం తాలూకు బొమ్మ ఉంది. వెతికితే మాట దొరకదు, కాపీ చేస్తే ఏమీ రాదు. చూపులేని పాఠకుడికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ పేజీ దగ్గర మూగబోతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బొమ్మలోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్‌తో పాఠాన్ని మళ్లీ రాబట్టుకోవచ్చనే సమాధానమూ ఉంది. ఆ ప్రోగ్రాముకు తెలుగు వచ్చు, తప్పులూ చేస్తుంది. చేతిలో ఉన్న పాఠాన్ని చెరిపేసి, యంత్రం ఊహించిన పాఠాన్ని దాని చోట పెట్టుకోవడం ఏం పని? పైగా పీడీఎఫ్ తెరవడానికి ఇమేజ్‌మ్యాజిక్ తెర వెనక పిలిచేది గోస్ట్‌స్క్రిప్ట్‌నే. 1988 నుంచి జనం చేతుల్లో ఉన్న ఆ ఉచిత సాధనాన్ని నేరుగా పిలిచి, పీడీఎఫ్ రాసే దాని భాగమైన పీడీఎఫ్‌రైట్‌ని ఎంచుకుని, రంగుల మార్పిడికి గ్రే అని చెబితే, మామూలు పత్రాల్లో అక్షరాలు అక్షరాలుగా, గీతలు గీతలుగా మిగులుతాయి. రెండు కమాండుల ఫలితమూ తెర మీద ఒకేలా కనిపించవచ్చు. కంటికి ఒకేలా ఉన్నంత మాత్రాన ఆ రెండు ఫైళ్లూ ఒకటి కావు.

అయితే సరైన సాధనం ఎంచుకోవడంతో బాధ్యత తీరదు. బూడిద ఛాయను లెక్కగట్టడానికి విరివిగా వాడే ఒక సూత్రం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వంతు ఇస్తుంది. 255ను తెలుపుగా తీసుకుంటే, దాని ప్రకారం నిండు ఎరుపు 76వ ఛాయ అవుతుంది. 255లో 128 పాళ్లున్న ఆకుపచ్చ 75వ ఛాయ అవుతుంది. లాభాన్ని ఆకుపచ్చతో, నష్టాన్ని ఎరుపుతో గీసిన పటంలో ఆ తర్వాత రెండు గీతలకూ తేడా కనిపించదు. పసుపు 226కి చేరి కాగితంలో కలిసిపోతుంది. అది పటం గీసినవాడి తప్పు, మార్చినవాడిది కాదంటారు. రంగు ఒక్కదాని మీదే అర్థాన్ని మోపకూడదని 2008 నాటి వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెప్పిన మాట వాస్తవమే. కానీ పాత ప్రతినీ కొత్త ప్రతినీ పక్కపక్కన చూడగలిగే అవకాశం మార్చినవాడికే ఉంది. పాఠకుడి చేతికి వచ్చేది ఒక్కటే.

ఫైలు చిన్నదవుతుందన్న ఆశ కూడా కొంతవరకే నిజం. కుదించని స్కానులో పిక్సెల్‌కు 24 బిట్లు 8కి దిగుతాయి, అంటే ఫైలు మూడో వంతుకు తగ్గుతుంది. కానీ జేపెగ్ వెలుగునూ రంగునూ ముందే విడదీసి, మామూలుగా రంగును తక్కువ వివరంతో దాస్తుంది కాబట్టి అక్కడ ఆదా అయ్యేది అంతకంటే బాగా తక్కువ. పోయేది మాత్రం పెద్దది కావచ్చు: గోస్ట్‌స్క్రిప్ట్ పాత ఫైలును దిద్దదు, కొత్తది రాస్తుంది. అందువల్ల ఈ-ఆధార్ లాంటి పత్రం మీది డిజిటల్ సంతకం అందులోకి రాదు. కావలసింది నలుపు సిరాతో ముద్రణే అయితే ప్రింటు పెట్టెలో గ్రేస్కేల్ ఎంచుకుంటే చాలు, ఫైలును ముట్టుకోనే అక్కర్లేదు. మార్చక తప్పనప్పుడు కొత్త పేరుతో రాయించి, అందులో ఒక తెలుగు మాట వెతికి చూడాలి. దొరకకపోతే ఆ ప్రతిని ఎవరికీ పంపకూడదు.