చేతినిండ రాజులున్నను

నంద్యాలనుండి ఆళ్లగడ్డ వఱకు, అరుగులమీదనేమి, చెట్లక్రిందనేమి, శివరాత్రి జాగరణములయందేమి, నలుగురు కూడి పేకముక్కలు పంచుకొను తావులన్నిట ఒక సిద్ధాంతము నిరాక్షేపముగ చెల్లుచున్నది: మంచి ముక్కలు పడినవాడు వెనుదీయరాదు, వెనుదీసినవాడు పిరికివాడు. పౌరుషమునకు పేరొందిన ఈ సీమలో ఈ మాట వీరోచితముగ ధ్వనించుట సహజమే గాని, ఇది అవివేకమనియు, బుద్ధికి నిజమైన పరీక్ష మంచి ముక్కలు చేత పడినపుడే ఆరంభమగుననియు నా దృఢవిశ్వాసము. (పందెమును నేను సమర్థింపను, అంతర్జాలమున పణమొడ్డి ఆడు రమ్మీని మన రాష్ట్రము 2020లోనే నిషేధించి మేలు చేసినది. నేను చెప్పునది ఆటనుగూర్చి.)

లెక్క 101కి చేరినవాడు తొలగిపోవు రమ్మీ, నూటొకటి ఆటనే తీసికొందము. ఒకని లెక్క 60కి చేరినది. పంపకములో వానికి వేర్వేరు రంగుల మూడు రాజులు, మూడు రాణులు, రెండు తొమ్మిదులు, రెండు జోకర్లు, ఇస్పేటు ఏడు, ఆటీను నాలుగు, కళావరు రెండు వచ్చినవి. వెనుక నిలిచి చూచువాడు సైతము ఉప్పొంగు హస్తమిది. కాని ఇందులో జోకరు కలియని వరుస, ఆటగాండ్రు లైఫ్ అనునది, ఒక్కటియు లేదు. అది కుదురనంతవఱకు ఆ రాజులును రాణులును ఎంత కూడి నిలిచినను లెక్కలో చెల్లరు. ఎదుటివాడు ముందుగ షో చేసెనా, వీని ముక్కల మొత్తము 91. ఒక చేతికి పడు గరిష్ఠపు లెక్క, ఫుల్ కౌంటు, 80కే ఆగినను లెక్క 140 అయి వీడు ఆటనుండి తొలగిపోవును. మొదటనే స్కూటు చెప్పి చేతిని వదలినచో పడునది 20 మాత్రమే. మఱియొకమారు చెప్పినను 100తో బ్రతికియుండును. కొంత ఆడిచూచి వదలుదమనువాడు 40 మోసి, ఆ రెండు అవకాశములను ఒక్క పంపకమునకే ధారపోయును.

ఇంతటి ముక్కలు మరల ఎన్నడు వచ్చునని వెనుదీయరాదనువారి వాదము. చేతికి చేతికి లెక్క తీర్చుకొను ఆటలో దీనికి కొంత బలము కలదు. ఓడినవాడు లేచిపోవలసిన ఆటలో మాత్రము ఓడిన ఒక్క చేయి రాబోవు చేతులన్నిటిని హరించును. మంచి ముక్కల విలువయు స్థిరము కాదు: పోకరు టోర్నమెంటులలో సర్వశ్రేష్ఠమనదగిన రెండు ఏసుల జంట, ఎదుట ఒక్కడే కడదాక నిలిచినపుడు నూటికి సుమారు 85 మార్లు గెలుచును. ఎనమండుగురు నిలిచిరేని ఆ గెలుపు 35కు దిగజాఱును. ఏసులు మాఱలేదు, ఎదుటివారు పెరిగిరి.

ఆళ్లగడ్డ శిల్పి ఎంత నునుపైన రాతినైనను తట్టి నాదము విని, లోన పగులున్నదని తోచినచో ప్రక్కకు నెట్టును. ఆతనిని పిరికివాడని ఎవ్వరు నిందింతురు? 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును సత్యనారాయణకును నడచిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము రమ్మీని ప్రధానముగ నైపుణ్యపుటాటయని నిర్ణయించుచు చూపిన హేతువులు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుట, ఏది ఉంచుకొనవలెనో ఏది విడువవలెనో ఎఱుగుట. ముక్కను విడుచుట నేర్పైనపుడు చేతినే విడుచుట భీరుత్వమెట్లగును?

ప్రతిపక్షులకు ఒక్కటి ఒప్పుకొందును. ఆ ఆటగాని లెక్క 60 గాక 81 అయియుండినచో, స్కూటు కలిసి 101 అగును గనుక, వాడు ఆడక తప్పదు. అప్పుడైనను రాజులను చూచి మురియక, ఒకే రంగు రాజును రాణిని పట్టుకొని జాకీకొఱకో ఏసుకొఱకో కనిపెట్టుకొని, అవసరమైనచో తక్కిన రాజులను నిర్దాక్షిణ్యముగ పారవేయవలెను.