విహార విజ్ఞానము: అడుగుజాడ లేని మంచు

మంచుకొండలమీద జారుట మగవారి యాట యనియు, అదియు పరదేశీయుల యాట యనియు మన యిండ్లలో నింకను కొందఱు తలంచుచున్నారు. మనాలి ప్రాంతమునకు చెందిన ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీదేశమున జరిగిన పందెములో కాంస్యపతకము గెలిచి, స్కీయింగున నంతర్జాతీయ పతకము పొందిన మొదటి భారతీయ వనిత యయ్యెను. కావున నీ యాట సోదరీమణులకు పరాయిది కాదు. దానియందలి యానందముతోపాటు ఒక ముఖ్యమైన జాగ్రత్తను గూడ నీ నెల మనవి చేయుచున్నాము.

మేము కాశ్మీరములోని గుల్మార్గును చూచినది ఒక బుధవారమునాడు. అది సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల యెత్తున నున్న పచ్చికబయలు. శీతకాలమున మంచు కప్పుకొని యుండును. సెలవుదినములలో నచ్చట జనసమ్మర్దము మిక్కుటము. ఆనాడు మాత్రము కొమ్మలనుండి మంచు రాలు చప్పుడు గూడ వినబడుచుండెను. అంతకుముందు రెండు దినములు ఎడతెగక మంచు కురిసి, ఆ యుదయమే యెండ కాసినది.

మంచు అంతయు నొక్కతీరున నుండదు. క్రొత్తగా పడినది జల్లించిన పిండివలె మెత్తగా నుండును. పగటియెండకు కరగి రాత్రి గడ్డకట్టినది ముదురుపాకమువలె బిగిసి, కాలు నిలువనీయదు. నేర్చుకొనువారు మొదట నేర్వవలసినది పరుగు కాదు, ఆగుట. పాదములకు బిగించిన స్కీపలకల ముందుకొనలను దగ్గఱకు జేర్చి, వెనుకకొనలను ఎడము చేసినచో వేగము తగ్గును. పట్టు తప్పినపుడు ప్రక్కకు ఒఱిగి పడవలయును. మాతో వచ్చిన యొక గృహిణి, ఇద్దఱు బిడ్డల తల్లి, పదిమార్లు పడి పదునొకండవమారు నిలిచినది. చూచి నవ్వువారు లేకపోవుట యామెకు గొప్ప ధైర్యమైనది. పనిదినమున పోవుటలో నిదియే లాభము.

మధ్యాహ్నమున నామె పైకొండను చూపి, "ఒక్క యడుగుజాడ లేదు, ఎంత అందముగా నున్నదండీ! అచ్చటికి పోవుదమా?" యనెను. గుల్మార్గు తీగెబండి అఫర్వట్ కొండమీద సుమారు 3,950 మీటర్ల యెత్తు వఱకు పోవును. కాని యానాడు పైవాలులను మూసియుంచిరి. కారణమును శిక్షకుడు చెప్పెను. పాతమంచు పైపొర నున్నగా గట్టిపడియుండగా, దానిమీద పడిన క్రొత్తమంచు వెంటనే యతుకుకొనదు. వాల్చిన పళ్ళెములో పోసిన పిండివలె నిలిచియుండును. ముప్పదినుండి నలువదియైదు డిగ్రీల వాలులో నొక్క మనిషి బరువునకే యది విఱిగి జారవచ్చును. భారీగా మంచు కురిసిన మఱునాడే యీ యపాయ మధికము. 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గు పైవాలులలో మంచుచరియ విఱిగిపడి యొక విదేశీయుడు మరణించెను. ఆ దినమును పనిదినమే, గురువారము. మంచులో కూరుకొన్నవారిని పావుగంటలోపల వెలికితీయనిచో బ్రతుకుమీద నాశ త్వరత్వరగా సన్నగిల్లును.

ఆ మాట విని యామె మాఱు పలుకక, సాయంకాలము వఱకు క్రింది వాలుననే జారి, సంతోషముగా మరలినది.

పిల్లలతో నటువంటి చోట్లకు పోవు తల్లులు, ఆనాటి మంచు స్థితిని గస్తీవారి నడిగి తెలిసికొనవలయును. ఒంటరిగా పోరాదు; హద్దుతాడు దాటరాదు. జనములేని చోటు అపాయములేని చోటు కాదు. పాలు పొంగకమునుపే మంట తగ్గించు నేర్పు మనకు పుట్టింటనే యబ్బినది. కొండమీద కావలసినదియు నా నేర్పే.