వినుట చాలదు

శ్రీరామనవమి వచ్చినదనగా బెంగుళూరులో సంగీతోత్సవము లారంభమగును. 1939లో ఎస్. వి. నారాయణస్వామిరావుగారు స్థాపించిన చామరాజపేట శ్రీ రామసేవామండలి ఆ దినములలో వారముల తరబడి కచేరీలు జరుపుచున్నది. పోగలవారు పోయి వినుట మంచిదే.

అచ్చట పాడు కృతులలో పెక్కులు త్యాగరాజస్వామివారివి. వాని భాష మనది. పాడువారిలో పలువురకు మాతృభాష కన్నడమో, తమిళమో. అయినను పదము చెడకుండ నేర్చి పాడుచున్నారు. కన్నడదేశమువారైన మైసూరు వాసుదేవాచార్యులవారు (1865–1961) తెలుగున కృతులు రచించిరి. మరి మన యిండ్లలో? బిడ్డలు తెలుగు మాటలాడుదురు గాని తెలుగక్షర మెరుగరు. పల్లవికి తల యూపుదురు. చరణమున కర్థ మడిగిన మన మొగము చూతురు. ఇది బిడ్డల తప్పు గాదు.

కన్నడము మనకు అన్నము పెట్టు భాష; దానిని చక్కగా నేర్వవలసినదే. అందులకై ఇంటిభాషను మరువ నక్కరలేదు. త్యాగరాజస్వామివారును (1767–1847) తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించినవారే. తిరువయ్యారులో నుండియు తమ భాషను విడువలేదు.

కావున రాయచెర్లులోని గృహస్థులకు మా విన్నపము: రానున్న నవమిలోపల బిడ్డలచేత ఒక్క కృతిని తెలుగు లిపిలో వ్రాయించి, అర్థము చెప్పుడు. మనకు తెలియని మాట యున్నచో పెద్దల నడిగి తెలిసికొందము. రెండు లిపులును తోబుట్టువులు. కన్నడము చదివిన బిడ్డకు మన యక్షరములు పట్టుబడుటకు ఎక్కువకాలము పట్టదు. పానకము పంచు పందిటిలో ఆ బిడ్డ పాడి, అర్థము చెప్పెనా, మన యూరను కచేరీ జరిగినట్లే.