నక్షత్రము కట్టని యిల్లు

డిసెంబరు మాసము ప్రవేశించినది. చెన్నపట్టణమున వేపేరి, పెరంబూరు, పురసవాక్కము వీధులలో మన తెలుగు క్రైస్తవ సోదరుల యిండ్ల ముంగిట నక్షత్రములు వెలుగుట అప్పుడే ఆరంభమైనది. అంగళ్లలో రంగుకాగితములకును, జరీ తోరణములకును, విద్యుద్దీపమాలలకును గిరాకి హెచ్చినది. ఆ సరకు అమ్మువారిలో ఈ పంక్తులు వ్రాయువారమును ఉన్నాము. కావున నేడు మేము చెప్పబోవు మాట మా వ్యాపారమునకు లాభకరము కాదని పాఠకులు ముందుగనే గ్రహింతురు గాక.

పండుగ వచ్చుచున్నదన్న సంతోషము అందరికిని ఒక్క తీరుగ నుండదు. అంగడి గల్లాపెట్టె వద్ద కూర్చుండువానికి ఈ సంగతి బాగుగ తెలియును. నవంబరు నెలాఖరుననే పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, నాలుగు రంగుల నక్షత్రములను వెలుతురులో త్రిప్పి చూచి కొనిపోవువారు కొందరు. ఇరువదిమూడవ తేదీ రాత్రి పరుగున వచ్చి, "ఏదో ఒకటి ఇవ్వండి, కట్టేస్తే ఒక పని అయిపోతుంది" అనువారు కొందరు. నిరుటి నక్షత్రమునే దులిపి, చినిగిన చోట కాగితమంటించి, బల్బు మాత్రము క్రొత్తది కొనువారు మరికొందరు. వీరుగాక, వీధివారి కంటికి వెరచి కొనువారు కూడ కలరు. మేము చెప్పదలచినది ఈ కడపటివారిని గురించియే.

నిరుడు ఒక తల్లి మా అంగడికి వచ్చినది. ఆమె భర్త ఆ యేడు ఆగస్టులో గతించెను. అన్నిటికంటె పెద్ద నక్షత్రమును, రెండు దీపమాలలను బేరమాడక తీసికొని, సగము రొక్కమిచ్చి సగము అరువు పెట్టినది. "ఇంత పెద్దది ఎందుకమ్మా?" అని అడిగితిమి. "నాకు కట్టబుద్ధి కావడం లేదు శెట్టిగారూ. ప్రతి యేడూ ఒకటో తేదీకల్లా ఆయనే కట్టేవారు. ఇప్పుడు గుమ్మం చీకటిగా ఉంటే నలుగురూ నాలుగు మాటలంటారు. పైగా సంఘం వాళ్లు చూడటానికి వస్తారట కదా!" అని ఆమె బదులు చెప్పినది.

ఆ కడపటి మాట మాకు ములుకువలె నాటినది. చూచుటకు వచ్చెడి ఆ సంఘమువారము మేమే. ఉత్తమముగ అలంకరించిన యింటికి వెండి గిన్నె బహుమతి ఇయ్యవలెనని ప్రతిపాదించినవారమును మేమే. మన క్రైస్తవ సభ్యులకు ఉత్సాహము కలుగుననియు, తక్కిన సభ్యులు ఆ వీధులకు వచ్చి పండుగ చూతురనియు మా ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని ఆ పోటీ దుఃఖములో నున్న యింటికి ఒక పన్నుగా పరిణమించినది.

అలంకరణము లేనిదే క్రిస్మసు లేదనుట చరిత్రకు సరిపడదు. ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున 1223లో అసిసీ ఫ్రాన్సిస్ మహనీయుడు క్రీస్తు జననదృశ్యమును జనులకు చూపినపుడు అచ్చట నున్నవి ఒక పశువుల తొట్టి, కొంత గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. ఆ శిశువు పుట్టిన బీదతనమును కన్నులకు కట్టించుటయే ఆయన ఆశయము. కాగితపు నక్షత్రములలో పేరుపొందిన యొక రకము 19వ శతాబ్దమున జర్మనీలోని మొరేవియన్ క్రైస్తవుల పాఠశాలలో రేఖాగణిత పాఠముగ పుట్టినది. చెట్టును అలంకరించుట కూడ జర్మనుల ఆచారమే. విక్టోరియా రాణి కుటుంబము అట్టి చెట్టు చుట్టు నిలిచిన చిత్రము 1848లో ఒక లండను పత్రికలో వెలువడిన పిమ్మటనే ఇంగ్లండు సామాన్య గృహములలో అది బాగుగ వ్యాపించినది. దానికి రెండు వందల యేండ్ల పూర్వము, 1647లో, ఆ దేశపు పార్లమెంటే ఈ పండుగను రద్దుచేసెను. అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో 1659 మొదలు 1681 వరకు క్రిస్మసు చేసికొన్నవారికి 5 షిల్లింగుల జరిమానా ఉండెను. పండుగ చేసినవారును క్రైస్తవులే, వలదన్నవారును క్రైస్తవులే. ఆడంబరము కూడదని నక్షత్రము కట్టని సమాజములు నేటికిని మన తెలుగువారిలో కలవు. అందువలన వారి భక్తికి వచ్చిన కొరత యేమియు లేదు.

మన హిందూ కుటుంబములకును ఇది తెలియని సంగతి కాదు. ఇంట ఒకరు గతించినచో సంవత్సరీకము కాకముందు పండుగ చేయరు. ఆ యింటిని ఎవరును తప్పుపట్టరు. ఇరుగుపొరుగువారే పిండివంటలు తెచ్చి పిల్లల చేతిలో పెట్టుదురు. బొమ్మల కొలువు లేని యింటి ఆడపిల్లలను కొలువున్న యింటివారు పేరంటమునకు పిలిచి శనగలు పోసి పంపుదురు. మధుర సమీపమున విలాచ్చేరి కుమ్మరులు దసరాకు కొలువు బొమ్మలను చేయుదురు, క్రిస్మసుకు బాలయేసును, మరియమ్మను, యోసేపును చేయుదురు. మట్టి యొకటే, చేతులొకటే. కొలువు విషయమున మనము చూపు ఓర్పు నక్షత్రము విషయమున ఏల చూపరాదు?

ఈ సముద్రతీరమున నివసించువారికి డిసెంబరు నెల అన్ని యేండ్లును ఒక్క విధముగ గడవలేదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారము ఉదయమున సునామీ వచ్చినపుడు పండుగ నక్షత్రములు ఇంకను దింపలేదు. 2015 డిసెంబరు మొదటి వారమున ఈ నగరము వరదలో మునిగినది. ఆ నెలంతయు అనేకులు ఇంటి బురద కడుగుకొనుటతోనే సరిపోయినది. ఆ యేడు మా అంగడిలో సరకు చాలవరకు మిగిలిపోయినది. అయినను తాము ఎరిగిన క్రిస్మసులలో అదియే మిన్న అని చెప్పువారిని మేమెరుగుదుము. ఏలయన, ఆనాడు ఒక యింట వండిన అన్నమును వీధివారందరును కూర్చుండి తినిరి.

ఇట్లని అలంకరణమును మేము చిన్నచూపు చూచుట లేదు. నక్షత్రమును ఇంటిలోపల కట్టరు, వెలుపల కట్టుదురు. అది ఇంటివారికంటె దారిన పోవువాని కొరకే వెలుగును. ఆ వెలుగు చూచి ఊరట పొందు ఒంటరి వృద్ధులు కలరు. పిల్లల సంబరము సరేసరి. చేతనైనవారు, మనసైనవారు తప్పక కట్టవలెను. కాని నలుగురికొరకు సంతోషముతో వెలిగించు దీపము వేరు, నలుగురికి జడిసి వెలిగించు దీపము వేరు. రెండవదాని కొరకు అప్పుచేసిన కుటుంబములు జనవరిలో బడి ఫీజునకు వెదకికొనుట మా ఖాతా పుస్తకములే చెప్పుచున్నవి.

కావున సంఘమువారి యెదుట మూడు ప్రతిపాదనములు ఉంచుచున్నాము. మొదటిది, అలంకరణపు పోటీని ఈ సంవత్సరము నుండి మానుకొనవలెను. రెండవది, మన యువకుల కీర్తన బృందము రాత్రివేళ వీధులు తిరుగునపుడు, నక్షత్రము లేని యిండ్లవారిని పగలే మర్యాదగ అడిగి, వారు సమ్మతించినచో ముందుగ ఆ గుమ్మములకే పోవలెను. వలదన్నవారి యింటికి ఒక పళ్లెము పిండివంటలు పంపిన చాలును.

మూడవది, వెండి గిన్నెకై కేటాయించిన రూ. 6,000 పిల్లల చదువునకు వినియోగింపవలెను. ఆ బృందములోని పిల్లల చేతి కాగితములు మేము చూచితిమి. పాడునది తెలుగు కీర్తన, వ్రాసికొన్నది అరవ లిపిలోనో ఆంగ్ల లిపిలోనో. పర్లాకిమిడి ప్రాంతమున జన్మించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు మన భాషలో కూర్చిన కీర్తనలను మన పిల్లలు మన అక్షరములలో చదువలేని స్థితి వచ్చినది. గుమ్మమున వెలుగు తగ్గినను నష్టము లేదు. ఈ వెలుగు ఆరిపోయినచో తిరిగి అంగడిలో కొనలేము. డిసెంబరు నాలుగు ఆదివారములును సాయంత్రము ఒక గంట చొప్పున అక్షరములు నేర్పుటకు ఇద్దరు ఉపాధ్యాయులు అంగీకరించియున్నారు. పలకలు, పుస్తకములు మా అంగడి నుండి ఉచితముగ ఇయ్యగలము.

నిరుటి ఆ తల్లి అరువును ఏప్రిలు నాటికి పైసలతో సహా తీర్చినది. ఆమెకు సంఘము పడిన బాకీ మాత్రము తీరలేదు. ఈ ఆదివారపు సమావేశమున ఈ మూడు విషయములును చర్చకు వచ్చును. మతభేదము లేక సభ్యులెల్లరును, ముఖ్యముగ స్త్రీలు, వచ్చి తమ అభిప్రాయమును నిస్సంకోచముగ తెలుపవలెనని ప్రార్థన. క్రైస్తవ సోదరసోదరీమణులకు, నక్షత్రము కట్టినవారికిని కట్టనివారికిని, మా క్రిస్మసు శుభాకాంక్షలు.