కురూపి అయిన కథానాయకుడు

జానపద సినిమా అంటే చిన్నపిల్లల సరుకని మన కాలేజీ మేధావులు కొందరికి గట్టి నమ్మకం. నాకు లేదు. 1951లో ‘పాతాళ భైరవి’ తీసిన కె.వి.రెడ్డిగారు ఎక్కడివారనుకున్నారు? మన తాడిపత్రివారే! అందులో తోట రాముడైన రామారావుగారిని 1985 నుంచి మూడుసార్లు అసెంబ్లీకి పంపింది హిందూపురమే.

అయితే నా వాదన ఆ సినిమా గురించి కాదు. కె.వి.రెడ్డిగారి శిష్యులు సింగీతం శ్రీనివాసరావుగారు 1994లో తీసిన ‘భైరవద్వీపం’ గురించి. తోట రాముడు రాకుమారిని పెళ్లాడాలంటే సిరిసంపదలు తేవాలి. ‘భైరవద్వీపం’లో విజయ్ తెచ్చేదేమీ లేదు, పోగొట్టుకోవడమే. రాకుమారి ప్రాణం కోసం తన అందాన్నే ఇచ్చేసి కురూపి అవుతాడు. పాశ్చాత్యుల అందగత్తె-మృగం కథలో రాకుమారుడికి వికృతరూపం శిక్షగా వస్తుంది. ఇక్కడ కోరి తెచ్చుకున్నాడు! ఆ వేషం కట్టింది బాలకృష్ణ (2014 నుంచి ఆయనా హిందూపురం ఎమ్మెల్యేనే, అది వేరే సంగతి). పేరున్న హీరో ముఖం చెడగొట్టుకుని తెర మీద నిలబడడం మాటలా? ఆధునికత అంటే నా లెక్కలో అదీ.

ఇప్పుడు గ్రాఫిక్సుతో కోటలు లేపుతున్నారు. కోటకేం కరువు? పెనుకొండలో రైలు దిగితే నిజం కోటే ఉంది, 1565 తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్నది. ఆ కోటలోకి వెళ్లేవాడు ఏం వదులుకుని వెళ్తాడో చెప్పే కథకే కరువు. ధర్మవరంలో మగ్గం పక్కన కూచున్న అవ్వల్ని కదిపి చూడండి, అలాంటివి ఎన్ని చెబుతారో! రాసుకోవడానికి మనలో ఒక్కడైనా నోటుబుక్కు తీస్తే కదా.