ఇంజనీరింగ్ ప్రవేశాలు : ఫీజు లెక్కతో పాటు భద్రత లెక్క కూడా
బీర్కూర్ ప్రాంత కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల కళాశాల ఎంపికపై విశ్లేషణ

బీర్కూర్ (కామారెడ్డి జిల్లా): ఇంజనీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్ జరిగే మాసాలలోనే మంజీర తీర గ్రామాలలో వానాకాలం నాట్లు సాగుతాయి. నిజాంసాగర్ ఆయకట్టుపై ఆధారపడిన రైతు కుటుంబానికి విత్తనం, ఎరువు, కూలీల ఖర్చు, కుమారుని లేదా కుమార్తె కళాశాల ఖర్చు ఒకే సమయంలో ఎదురవుతాయి. పంట డబ్బు చేతికి వచ్చేది ఆ తరువాత నాలుగైదు నెలలకు. అందుచేత బీర్కూర్ మండలంలో కంప్యూటర్ సైన్స్ సీటు ఆశించే విద్యార్థి విషయంలో 'ఏ కళాశాల మంచిది' అన్న ప్రశ్నకు ముందు 'నాలుగేళ్లు ఏ కళాశాలను భరించగలం, అక్కడ పిల్లలు క్షేమంగా ఉంటారా' అన్న ప్రశ్న వస్తుంది. ఈ రెండు అంశాలను విడదీసి చూడటం వల్లనే అనేక కుటుంబాలు ప్రథమ సంవత్సరం ముగియక ముందే ఇబ్బందులలో పడుతున్నాయని చెప్పక తప్పదు.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో బీర్కూర్ మండలం నిజామాబాదు జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాలోకి మారింది. మండలానికి రైలు సౌకర్యం లేదు. రాష్ట్రంలోని కంప్యూటర్ సైన్స్ సీట్లలో అత్యధిక భాగం హైదరాబాదు, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలలో కేంద్రీకృతమై ఉన్నాయి. కనుక ఇక్కడి విద్యార్థులలో అధిక సంఖ్యాకులకు బి.టెక్. అంటే ఇల్లు విడిచి హాస్టల్‌లో ఉండటమే. ఈ కారణంగా కళాశాల ఎంపికలో వసతి సమస్యకు ఫీజుతో సమానమైన ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంది.

ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల ఫీజుల నియంత్రణకు మూలం సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులోను, 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులోను ఇచ్చిన తీర్పులు. వాటిని అనుసరించి ఏర్పడిన ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ కళాశాలల ఆదాయ వ్యయాలను పరిశీలించి మూడేళ్ల కాలానికి ఫీజులను సిఫారసు చేస్తుంది. తెలంగాణలో 2022 అక్టోబరులో ఖరారైన ఫీజుల ప్రకారం ఇంజనీరింగ్ కళాశాలల కనీస వార్షిక ఫీజు రూ. 35,000 నుంచి రూ. 45,000కు పెరిగింది, గరిష్ఠ ఫీజు రూ. 1,60,000గా నిర్ణయమైంది. 2025-26 విద్యా సంవత్సరానికి పాత ఫీజులనే కొనసాగిస్తూ ప్రభుత్వం 2025 జూన్ చివరలో ఉత్తర్వులు జారీ చేసింది. కొన్ని కళాశాలల ఫీజులు న్యాయస్థానాల ఉత్తర్వుల మేరకు మారిన సందర్భాలు కూడా ఉన్నందున, ప్రవేశం పొందే సంవత్సరానికి అమలులో ఉన్న ఉత్తర్వును సరిచూసుకోవడం అవసరం.

ఇక బోధనా రుసుముల చెల్లింపు పథకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విస్తృత రూపం దాల్చిన ఈ పథకం లేకుంటే బీర్కూర్ వంటి మండలాల నుంచి ఇంత మంది ఇంజనీరింగ్ వైపు వచ్చేవారు కారు. అయితే 'ఫీజు ప్రభుత్వమే కడుతుంది' అన్న మాట అందరికీ ఒకే విధంగా వర్తించదు. అర్హులైన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు లభిస్తుంది. వెనుకబడిన తరగతులు, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల వారికి ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆపైన ర్యాంకు వస్తే సాధారణంగా ఏడాదికి రూ. 35,000 మాత్రమే లభిస్తూ వచ్చింది. గ్రామీణ ప్రాంతాలలో బీసీ కుటుంబ వార్షికాదాయం రూ. 1,50,000 దాటరాదన్న నిబంధన కూడా ఉంది. ప్రభుత్వ విద్యాసంస్థలలో చదివిన వారికి వర్తించే మినహాయింపులను జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో విచారించుకోవలసి ఉంటుంది.

పై అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 10,000 పైన ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థి కనీస ఫీజు గల కళాశాలలో చేరినా ఏడాదికి రూ. 10,000 చొప్పున నాలుగేళ్లకు రూ. 40,000 సొంతంగా భరించాలి. అదే విద్యార్థి రూ. 1,60,000 ఫీజు గల కళాశాలను ఎంచుకుంటే ఏడాదికి రూ. 1,25,000 చొప్పున నాలుగేళ్లకు రూ. 5,00,000 అవుతుంది. రెండు సీట్లూ కన్వీనర్ కోటావే. రెండింటికీ రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. వెబ్ ఆప్షన్ల పట్టికలో ఈ రెండు కళాశాలల కోడ్‌లు ఒకదాని కింద ఒకటిగా కనిపిస్తాయి గాని, వాటి మధ్య ఉన్న రూ. 4,60,000 తేడా ఆప్షన్ నమోదు చేసే విద్యార్థి దృష్టికి రాదు. యాజమాన్య కోటాలో చేరిన వారికి ఈ పథకం వర్తించదన్న సంగతి కూడా గ్రామాలలో తగినంతగా ప్రచారం కాలేదు.

చెల్లింపులలో జాప్యం మరొక అంశం. బకాయిల విడుదల కోరుతూ 2025 నవంబరులో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల యాజమాన్యాలు కళాశాలలను మూసివేసి, ప్రభుత్వంతో చర్చల అనంతరం తిరిగి తెరిచాయి. ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ము రాలేదన్న కారణంతో విద్యార్థిని ముందుగా చెల్లించమనడం, ధ్రువపత్రాలు ఆపడం వంటి ఫిర్యాదులు ఇటువంటి సమయాలలోనే వస్తుంటాయి. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని, సీటు వదులుకున్న వారికి నిర్ణీత పద్ధతిలో ఫీజు తిరిగి ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులో ఆదేశించింది. ఈ ఆదేశం కళాశాలలకు తెలిసినంతగా తల్లిదండ్రులకు తెలియదు.

బోధనా రుసుము కాక వసతి, భోజనం, కళాశాల బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్ వంటివి ఉన్నాయి. నగర శివార్లలో హాస్టల్ ఖర్చు పలు సందర్భాలలో ఫీజు వ్యత్యాసాన్ని మించిపోతుంది. కనుక తక్కువ ఫీజు గల కళాశాలలో చేరి బయట ప్రైవేటు హాస్టల్‌లో ఉండటం కంటే, కొంత ఎక్కువ ఫీజు ఉన్నా ప్రాంగణంలోనే వసతి గల కళాశాల మొత్తం మీద చౌక కావచ్చు. బాలికల విషయంలో మహాలక్ష్మి పథకం ఈ లెక్కను కొంత మార్చింది. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణ సౌకర్యం ఉన్నందున, సెలవులకు ఇంటికి వచ్చి పోయే ఖర్చు వారికి దాదాపుగా తగ్గిపోయింది.

ఈ ప్రాంత విద్యార్థులు ప్రభుత్వ రంగంలోని అవకాశాలను ముందుగా పరిశీలించడం సముచితం. జేఎన్‌టీయూ హైదరాబాదుకు సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లోను, జగిత్యాల జిల్లా నాచుపల్లిలోను విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. సుల్తాన్‌పూర్ కళాశాల బాన్సువాడ, పిట్లం మీదుగా సంగారెడ్డి వైపు వెళ్లే వారికి హైదరాబాదు కంటే దగ్గర. విశ్వవిద్యాలయ కళాశాలలలో కొన్ని చోట్ల సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు కూడా ఉంటాయి కనుక సీటు ఏ కోవకు చెందినదో చూసుకోవాలి. పదవ తరగతి ప్రతిభ ఆధారంగా ఆరేళ్ల సమీకృత కోర్సులో ప్రవేశం కల్పించే బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (2008లో స్థాపితం) మరొక అవకాశం. ఇంటర్మీడియట్ కోచింగ్ ఖర్చు లేకుండానే ఇంజనీరింగ్‌లో అడుగుపెట్టగలగడం దీని ప్రత్యేకత. నిజామాబాదు ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి సంస్థలలో డిప్లొమా పూర్తి చేసి, ఈసెట్ ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరంలో చేరే మార్గం గ్రామీణ విద్యార్థులకు ఖర్చు తక్కువైనది. దీని గురించి పదవ తరగతి దశలో చెప్పేవారు తక్కువ.

ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన పరిశీలన అక్కరలేదని భావించరాదు. బాసరలో 2022 జూన్‌లో వసతుల కల్పన, అధ్యాపక నియామకాలు తదితర డిమాండ్లపై విద్యార్థులు వారం రోజుల పాటు ఆందోళన చేశారు. ఆ మరుసటి నెలలోనే మెస్ భోజనం తిన్న పెద్ద సంఖ్యలో విద్యార్థులు అస్వస్థతకు గురయ్యారు. వేలాది మంది ఒకే ప్రాంగణంలో ఉండే సంస్థలలో తాగునీరు, వంటశాల పర్యవేక్షణ, మానసిక ఆరోగ్య సలహాదారులు, రాత్రివేళ వైద్య సదుపాయం అన్నవి భద్రతలో అంతర్భాగమేనని ఆ సంఘటనలు తెలియజేశాయి.

భద్రత అనగానే సాధారణంగా ప్రహరీ గోడ, సీసీ కెమెరాలు చూపిస్తారు. అనుభవం మరొక విధంగా ఉంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్ మండి జిల్లాలో లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీరు విడుదల కావడంతో, విజ్ఞాన యాత్రకు వెళ్లిన హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయి మరణించారు. బాధిత కుటుంబాలకు పరిహారం ఆదేశించిన హిమాచల్ హైకోర్టు కళాశాలను కూడా బాధ్యుల జాబితాలో చేర్చింది. ప్రాంగణం దాటినా విద్యార్థుల పట్ల సంస్థ బాధ్యత ముగియదని దీనివల్ల స్పష్టమైంది. 2025 జనవరిలో మేడ్చల్ వద్ద ఒక ఇంజనీరింగ్ కళాశాల బాలికల హాస్టల్‌లో స్నానాల గదుల వద్ద రహస్యంగా చిత్రీకరించారన్న ఆరోపణపై విద్యార్థినులు ఆందోళనకు దిగగా పోలీసులు కేసు నమోదు చేశారు. గోడ, కాపలా అన్నీ ఉన్న చోటే ఇది జరిగింది. హాస్టల్ సిబ్బందిని నియమించే ముందు వారి పూర్వాపరాలు విచారించారా, ఫిర్యాదు చేయవలసింది ఎవరికి, ఆ ఫిర్యాదుపై ఎన్నాళ్లలో చర్య తీసుకుంటారు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులే ఏ హాస్టల్ విషయంలోనైనా అసలు కొలమానం.

ఇందుకు తగిన చట్టాలు ఉన్నాయి. ర్యాగింగ్ నిషేధ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. యూజీసీ 2009లో దేశవ్యాప్త నిబంధనలు రూపొందించి, 1800-180-5522 నంబరుతో ఉచిత సహాయ కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. పని ప్రదేశాలలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టం రాగా, విద్యార్థినులకు కూడా వర్తించే విధంగా అంతర్గత ఫిర్యాదుల కమిటీలను విద్యాసంస్థలలో తప్పనిసరి చేశారు. కమిటీ ఉందా అని మాత్రమే అడిగితే ఉందనే సమాధానం వస్తుంది. సభ్యులెవరు, బయటి సభ్యురాలు ఉన్నారా, గడచిన ఏడాది ఎన్ని సమావేశాలు జరిగాయి అని అడగడం మేలు.

కళాశాల బయట ఉండే ప్రైవేటు హాస్టళ్ల విషయం మరింత జటిలమైనది. వాటిలో జరిగే దానికి కళాశాల జవాబుదారీ కాదంటుంది. హాస్టల్ యజమాని అద్దె వ్యాపారమంటారు. అగ్నిమాపక ఏర్పాట్లు, రెండవ మెట్ల దారి, కిటికీలకు ఉన్న గ్రిల్స్ వంటివి తల్లిదండ్రులు స్వయంగా చూడవలసినవే. దూరం కూడా భద్రతాంశమే. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కురిసిన భారీ వర్షాలకు కామారెడ్డి జిల్లాలో 44వ నంబరు జాతీయ రహదారి, రైలు మార్గం దెబ్బతిని రాకపోకలు స్తంభించాయి. అటువంటి రోజులలో విద్యార్థులు ప్రయాణం మాని వసతిగృహంలోనే ఉండేలా చూసే, ఇంటికి సమాచారం ఇచ్చే బాధ్యుడు ఒకరు ఉన్న కళాశాలకు, ఎవరూ లేని కళాశాలకు తేడా తెలుస్తుంది.

చదువు నాణ్యత విషయంలో ఒక్క హెచ్చరిక. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2024లో ఒక బ్రాంచిలో సీట్లపై ఉన్న గరిష్ఠ పరిమితిని ఎత్తివేసింది. తత్ఫలితంగా కళాశాలలు ఇతర బ్రాంచీల నుంచి కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సుల వైపు మొగ్గుతున్నాయి. సీట్లు పెరిగిన వేగంతో అధ్యాపకులు పెరిగారా అన్నది కళాశాల వెబ్‌సైట్‌లో విధిగా ఉంచవలసిన మాండేటరీ డిస్‌క్లోజర్‌లో చూడవచ్చు. 'నాక్' గుర్తింపు సంస్థ మొత్తానికి వర్తించేది. ఎన్‌బీఏ గుర్తింపు కోర్సుల వారీగా ఇచ్చేది. సివిల్ కోర్సుకు వచ్చిన ఎన్‌బీఏ గుర్తింపును చూపి కంప్యూటర్ సైన్స్ సీటుకు ప్రచారం చేయడం కద్దు.

బాన్సువాడ డివిజన్‌లోని జూనియర్ కళాశాలలలో వెబ్ ఆప్షన్ల నమోదుకు ముందు ఒక రోజు సదస్సు నిర్వహించి, విద్యార్థుల ర్యాంకు, సామాజిక వర్గం, ఆదాయాన్ని బట్టి సొంతంగా చెల్లించవలసిన మొత్తాన్ని లెక్క కట్టి ఇవ్వడం విద్య, సంక్షేమ శాఖల అధికారులకు కష్టమైన పని కాదు. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలకు మీసేవ కేంద్రాల వద్ద ఆఖరి వారంలో ఏర్పడే రద్దీని దృష్టిలో ఉంచుకొని మండల రెవెన్యూ కార్యాలయం మే మాసంలోనే వీటి జారీని ప్రారంభించవచ్చు. ర్యాంకుల ప్రకటనలకు పుటలు కేటాయించే పత్రికలు అదే వారంలో కళాశాలల వారీ ఫీజు, ఎన్‌బీఏ గుర్తింపు గల కోర్సులు, ప్రాంగణ హాస్టల్ సామర్థ్యం చూపే ఒక పట్టికను జిల్లా సంచికలలో ప్రచురిస్తే, ఆప్షన్లు ఖరారు చేసేందుకు ఉండే ఆ కొద్ది రోజులలోనే అది గ్రామాలకు చేరుతుంది.